భద్రత అంతంతమాత్రంగా ఉన్న దేశానికి టూరిస్ట్ వీసా ఎలా తీసుకోవాలి

వీసా వచ్చిందంటే ఆ దేశ ప్రభుత్వం మిమ్మల్ని రానివ్వడానికి ఒప్పుకుంది, అంతవరకే. అక్కడ మీకేమీ కాదని ఎవరూ మాట ఇచ్చినట్టు కాదు. 2024 మేలో అఫ్గానిస్తాన్‌లోని బామియాన్‌లో దుండగులు కాల్పులు జరిపితే ముగ్గురు స్పెయిన్ పర్యాటకులు, వాళ్లతో ఉన్న అఫ్గాన్లు చనిపోయారు. ఆ దేశంలో కాస్త ప్రశాంతమైన చోటని బామియాన్‌కు పేరు. చనిపోయినవాళ్లు దొంగదారిన వెళ్లినవాళ్లేమీ కాదు, అందరిలాగే ఊరు చూడ్డానికి వెళ్లిన పర్యాటకులు.

అయినా ఇలాంటి దేశాలకు జనం వెళ్తూనే ఉంటారు. కొందరికి అక్కడ పుణ్యక్షేత్రాలున్నాయి, కొందరికి పుట్టిన ఊళ్లున్నాయి, కొందరికి చిన్నప్పటి నుంచి చూడాలని కలలుగన్న శిథిలాలున్నాయి. ఆ కోరికను నేను తక్కువ చేయను. కానీ వెళ్లాలనుకుంటే ఒక్క విషయం గట్టిగా చెప్తాను. వీసా పనినీ భద్రత పనినీ విడదీయకండి. ఏ ఊరికి వెళ్తారు, ఎక్కడ దిగుతారు, ఎవరు పిలిచారు, ఏం ఉద్యోగం చేస్తారు అని ఫారంలో ఉండే ప్రతి గడీ, రేపు అక్కడి చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకున్న మనిషి మిమ్మల్ని అడగబోయే ప్రశ్నే. ఇంట్లో కూర్చుని తీరిగ్గా రాసే జవాబు, అక్కడ నిలబడి ఇచ్చే జవాబు ఒకటే అయి ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

ముందు అడ్వైజరీ, పక్కన మ్యాపు

ఫారం తెరవకముందు మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో ఆ దేశ విదేశాంగ శాఖ ఇచ్చిన ట్రావెల్ అడ్వైజరీ, అంటే ఎక్కడికి వెళ్లొచ్చో ఎక్కడికి వద్దో చెప్పే సూచన, చదవండి. దాంతో ఆగకండి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా ప్రభుత్వాలు రాసేవి వివరంగా ఉంటాయి, ఎవరైనా చదవచ్చు. అమెరికా 2018 జనవరి నుంచి ప్రతి దేశానికీ 1 నుంచి 4 వరకు ఒక స్థాయి ఇస్తోంది. 4 అంటే అసలు వెళ్లొద్దని. బ్రిటన్ రెండు మాటలు వాడుతుంది. ఒకటి, ఏ ప్రయాణమూ వద్దని. రెండోది, తప్పనిసరైతే తప్ప వద్దని. ఇలాంటి మాటలకు మీ ఇన్సూరెన్స్ దగ్గర చాలా విలువ ఉంటుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

పైన కనిపించే నెంబరు చూసి పేజీ మూసేయొద్దు. ఒకే దేశంలో రాజధానికి ఒక స్థాయి, సరిహద్దు పొడవునా మరో స్థాయి ఉంటుంది. నేనైతే మ్యాపు ప్రింట్ తీసుకుని, వద్దన్న జిల్లాలను ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. ఆ తర్వాత నేను వెళ్లాలనుకున్న ఊళ్ల మధ్య రోడ్డును నీలం పెన్నుతో గీస్తాను. ఊళ్లు రెండూ బాగానే ఉండి, మధ్యలో రోడ్డు ఎర్ర గీతల్లోంచి పోవడం ఎన్నోసార్లు చూశాను. అలాంటప్పుడు విమానంలో వెళ్లడమో, ఒక ఊరు వదులుకోవడమో అప్పుడే తేల్చుకోవాలి. ఎందుకంటే ఫారంలో మీరు రాయబోయేది ఆ దారే.

ప్రమాదం ఎలాంటిదో కూడా విడిగా చూడండి. రోడ్డు మీద దోపిడీలు, బాంబు దాడులు, డబ్బు కోసం కిడ్నాపులు, ప్రభుత్వమే విదేశీయులను కారణం లేకుండా నిర్బంధించడం, ఈ నాలుగూ ఒకటి కాదు. మొదటిదానికి జాగ్రత్తగా ఉండటం చాలావరకు పనికొస్తుంది. చివరిదానికి మీరెంత జాగ్రత్తగా ఉన్నా చాలకపోవచ్చు. అక్కడ మీ పాస్‌పోర్టే కారణం అవుతుంది. నన్నడిగితే, మీ దేశపు పౌరులను పట్టుకుని బేరానికి వాడుకునే ప్రభుత్వం ఉన్న చోటికి టూరిస్టుగా వెళ్లకపోవడమే మంచిది.

ఇంకొకటి, మీ దేశానికి అక్కడ ఎంబసీ పనిచేస్తోందా? కొన్నిచోట్ల ఎంబసీ మూతపడి, పక్క దేశం నుంచి పని నడుస్తుంటుంది. పాస్‌పోర్టు పోతే సరిహద్దు దాటి వెళ్లాలి, పాస్‌పోర్టు లేకుండా సరిహద్దు దాటలేరు. ఆ చిక్కును ముందే ఊహించుకోండి. అలాగే మీ సొంత ప్రభుత్వమే వెళ్లనివ్వని దేశాలూ ఉంటాయి. అమెరికా 2017 సెప్టెంబర్ 1 నుంచి తన పాస్‌పోర్టుతో ఉత్తర కొరియా వెళ్లడాన్ని నిషేధించింది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఆ పాస్‌పోర్టు ఆ ప్రయాణానికి చెల్లదు.

వీసా ఫీజుకన్నా ముందు ఇన్సూరెన్స్

చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు. వీసా వచ్చాక, టికెట్ కొన్నాక చివర్లో నాలుగు నిమిషాల్లో పాలసీ తీసుకుంటారు. భద్రత సరిగా లేని దేశం విషయంలో పాలసీ దొరుకుతుందో లేదో తెలిశాకే వీసా ఫీజు కట్టాలి. ఆ ఫీజు ఎలాగూ తిరిగి రాదు.

మీ ప్రభుత్వం వెళ్లొద్దన్న చోటికి వెళ్తే మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో రక్షణ ఉండదు. అక్కడ కాలు జారి పడి చెయ్యి విరిగినా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. కాలు జారడానికీ యుద్ధానికీ సంబంధం లేదని వాదించి లాభం లేదు, అసలు ఆ ప్రాంతానికే పాలసీ వర్తించదని రాసి ఉంటుంది. ఇలాంటి దేశాలకు విడిగా పాలసీలు అమ్మే కంపెనీలున్నాయి, ప్రీమియం ఎక్కువ. అక్కడ కూడా రెండు మాటలు కలగలిపేయకండి. జబ్బు చేస్తేనో దెబ్బ తగిలితేనో ఆసుపత్రికి తరలించడం మెడికల్ ఎవాక్యుయేషన్. అల్లర్లు మొదలైతే ఆరోగ్యంగా ఉన్న మిమ్మల్ని బయటికి తీసుకురావడం సెక్యూరిటీ ఎవాక్యుయేషన్. మొదటిది ఉన్న పాలసీలో రెండోది ఉంటుందని అనుకోవద్దు.

ఫోన్లో ఏజెంట్ చెప్పిన మాట నమ్ముకోకుండా కంపెనీకి ఈమెయిల్ రాయండి. దేశం పేరు, ఊళ్ల పేర్లు, తేదీలు ఇచ్చి, "మా ప్రభుత్వ అడ్వైజరీ ఈ రోజు ఈ ప్రాంతానికి ఈ స్థాయిలో ఉంది. ఈ స్థాయిలో ప్రమాదం, అనారోగ్యం, ఉగ్రవాద దాడిలో గాయం, ఈ మూడింటికీ పాలసీ వర్తిస్తుందా? నేను అక్కడున్నప్పుడు స్థాయి పెరిగితే ఏమవుతుంది?" అని అడగండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఇరాన్ లాంటి కొన్ని దేశాలు వీసాకే ఇన్సూరెన్స్ కాగితం అడుగుతాయి. ఆ కాగితం వీసా ఆఫీసును తృప్తిపరిస్తే చాలదు, ఆసుపత్రి బిల్లు కూడా కట్టగలిగేదై ఉండాలి.

ఎవరిచ్చే వీసా చెల్లుతుంది?

మామూలు దేశాల విషయంలో ఈ ప్రశ్నే రాదు. అంతర్గత గొడవలున్న చోట మొదట తేల్చుకోవాల్సింది ఇదే. దేశంలో ఒక్క ప్రభుత్వమే ఉందా, ఉన్నా దాని మాట అన్నిచోట్లా చెల్లుతుందా?

ఇరాక్ తీసుకోండి. ఉత్తరాన కుర్దిస్తాన్ ప్రాంతం సొంతంగా వీసా ఇస్తుంది. దాంతో ఎర్బిల్, సులేమానియా చూడొచ్చు కానీ బాగ్దాద్, మోసుల్, కర్బలా వెళ్లడానికి ఆ వీసా చాలదు, బాగ్దాద్‌లోని కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వ వీసా కావాలి. ఎర్బిల్ నుంచి మోసుల్ రోడ్డు మీద గంటన్నర దూరమే కదా అని బయల్దేరినవాళ్లను చెక్‌పోస్టులో వెనక్కి పంపుతారు. ఇక అఫ్గానిస్తాన్ సంగతి. 2021లో ప్రభుత్వం మారినా, చాలా దేశాల్లో ఎంబసీలు పాత ప్రభుత్వం నియమించిన అధికారుల చేతుల్లోనే నడిచాయి. 2024 జూలై చివర్లో తాలిబన్ విదేశాంగ శాఖ లండన్, బెర్లిన్ సహా పలుచోట్ల ఉన్న అలాంటి కార్యాలయాలు ఇచ్చే పాస్‌పోర్టులు, వీసాలు తాము ఒప్పుకోబోమని ప్రకటించింది. గుమ్మం మీద బోర్డు ఉంది, లోపల స్టాంపు వేసే మనిషి ఉన్నాడు, కానీ దిగే విమానాశ్రయంలో ఆ స్టాంపుకు విలువ లేదు. కాబట్టి ఈ మధ్యే అదే దేశానికి, మీలాంటి పాస్‌పోర్టుతోనే వెళ్లొచ్చినవారిని అడగండి. ఎయిర్‌లైన్‌ను కూడా అడగండి, ఎందుకంటే చెల్లని వీసాతో మిమ్మల్ని తీసుకెళ్తే జరిమానా కట్టాల్సింది వాళ్లే.

ఈ-వీసా అయితే నకిలీ సైట్లతో జాగ్రత్త. వెతికితే పైన వచ్చేవి చాలావరకు ఏజెంట్ల ప్రకటనలు. చూడ్డానికి అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే జెండా, రాజముద్ర పెట్టుకుని ఉంటాయి. ఆ దేశ విదేశాంగ శాఖ అధికారిక పేజీ నుంచో, ఎంబసీ పేజీ నుంచో ఉన్న లింకు ద్వారానే వెళ్లండి. ఈ దేశాల విషయంలో పోయేది డబ్బొక్కటే కాదు. మీ పాస్‌పోర్టు కాపీ, ఫొటో, ప్రయాణ తేదీలు, హోటల్ పేరు ఎవరి చేతిలో పడతాయో తెలియదు.

మీ పాస్‌పోర్టును ఒకసారి వాళ్ల కళ్లతో చూడండి

ఆరు నెలల గడువు, కనీసం రెండు ఖాళీ పేజీలు, చినిగిపోని అట్ట. ఇవి అందరికీ తెలిసినవే. అసలు చూడాల్సింది పాత స్టాంపులు.

ఇజ్రాయెల్ వెళ్లొచ్చిన గుర్తులుంటే లెబనాన్ లాంటి కొన్ని దేశాలు రానివ్వవు. ఇజ్రాయెల్ 2013 నుంచి పాస్‌పోర్టులో స్టాంపు వేయడం మానేసి విడి చీటీ ఇస్తోంది. కానీ భూమార్గంలో అక్కడికి దాటేటప్పుడు ఈజిప్టు, జోర్డాన్ వేసే స్టాంపులు చూస్తే ఎక్కడ దాటారో ఇట్టే తెలిసిపోతుంది.

ముందుచూపు కూడా కావాలి. ఇప్పుడు వెళ్లే దేశం రేపటి వీసాల మీద నీడ వేస్తుంది. అమెరికా 2015లో చేసిన చట్టం కింద, 2011 మార్చి 1 తర్వాత ఇరాన్, ఇరాక్, సిరియా, సూడాన్, లిబియా, సోమాలియా, యెమెన్, ఉత్తర కొరియాల్లో దేనికి వెళ్లొచ్చినా ఎస్టాతో, అంటే వీసా లేకుండా, అమెరికా వెళ్లే సౌకర్యం పోతుంది. 2021 జనవరి 12 తర్వాత క్యూబా వెళ్లినవారికీ అంతే. అమెరికా వెళ్లకుండా అడ్డుకోవడం కాదిది, మామూలు వీసాకు దరఖాస్తు చేసి ఇంటర్వ్యూకు వెళ్లాలన్నమాట. బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ పాస్‌పోర్టులతో ఉన్న మనవాళ్లు ఉద్యోగం పని మీద తరచూ అమెరికా వెళ్లేవారైతే వారం రోజుల విహారం కోసం ఈ సౌకర్యం వదులుకోవడం ఇష్టమేనా అని ఆలోచించుకోవాలి. పాస్‌పోర్టులో స్టాంపు పడకపోతే ఎవరికీ తెలియదు కదా అనుకోవద్దు. ఎస్టా ఫారం మీరు వెళ్లారా లేదా అని సూటిగా అడుగుతుంది. అక్కడ అబద్ధం రాస్తే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

రెండు పౌరసత్వాలున్నవారు, లేదా తల్లిదండ్రులది ఆ దేశమే అయినవారు, ఈ ఒక్క చోట తొందరపడకండి. 1930 నాటి హేగ్ ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం, ఒక మనిషి రెండు దేశాల పౌరుడైతే అందులో ఒక దేశానికి వ్యతిరేకంగా రెండో దేశం దౌత్య రక్షణ ఇవ్వజాలదు. ఇరాన్ అయితే రెండో పౌరసత్వాన్ని గుర్తించనే గుర్తించదు. అలాంటి చోట మిమ్మల్ని పట్టుకుంటే, మీ రెండో పాస్‌పోర్టు దేశం వాళ్లను కలవనివ్వకపోవచ్చు. లాయరుతో మాట్లాడకుండా ఈ వీసాకు వెళ్లకండి.

ఫారం నింపడం

ఇక్కడ నిదానంగా కూర్చోవాలి. ఒక సాయంత్రం పూర్తిగా పెట్టుకోండి.

పేరు: పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతో ఆన్‌లైన్ ఫారాలు మొండికేస్తాయి. సొంత తెలివితో ఏదో ఒకటి నింపేయకుండా, అలాంటివారు ఏం రాయాలో ఆ సైట్ సూచనల్లో వెతకండి, దొరక్కపోతే ఎంబసీకి మెయిల్ పెట్టి అడగండి.

ఉద్యోగం: నిజం రాయండి. విలేకరి, సైనికుడు, పోలీసు, ప్రభుత్వ ఉద్యోగి, స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవారు అని ఉంటే వీసా ఆలస్యం కావచ్చు, రాకపోవచ్చు కూడా. అయినా 'వ్యాపారం' అని రాసి దాటేయాలని చూడకండి. టూరిస్ట్ వీసా మీద వచ్చిన విలేకరి అని వెతికితే నిమిషంలో తెలిసే రోజులివి. మామూలు రోజుల్లో అది చిన్న అబద్ధం. బాంబు పేలిన మర్నాడు అదే అబద్ధానికి గూఢచర్యం అని పేరు పెడతారు.

ప్రయాణ ఉద్దేశం కూడా అలాగే. చూడ్డానికి వెళ్తుంటే టూరిజం అని రాయండి. వెళ్లి బంధువుల ఇంట్లో ఉండటం, డాక్యుమెంటరీ తీయడం, సహాయ శిబిరంలో పనిచేయడం, వీటికి చాలాచోట్ల వేరే వీసాలుంటాయి. డ్రోన్ పట్టుకెళ్లాలని ఉంటే ముందే అడిగి తెలుసుకోండి, చాలా దేశాలు కస్టమ్స్ దగ్గరే తీసేసుకుంటాయి. శాటిలైట్ ఫోన్ సంగతీ అంతే. అనుమతి లేని శాటిలైట్ ఫోన్‌తో దొరికి మన భారత్‌లోనే విదేశీ పర్యాటకులు అరెస్టయిన సందర్భాలున్నాయి. భద్రత కోసమని పట్టుకెళ్లిన వస్తువే జైలుకు దారి చూపిస్తుంది.

ఊళ్ల పేర్లు: ఇందాక నీలం పెన్నుతో గీసిన దారి ఇప్పుడు పనికొస్తుంది. వెళ్లాలనుకున్న ఊళ్లన్నీ, దారిలో రాత్రి ఆగే ఊరితో సహా రాయండి. వివాదంలో ఉన్న ప్రాంతాలకు రెండేసి పేర్లుంటాయి. వీసా ఇచ్చే ప్రభుత్వం అధికారికంగా ఏ పేరు వాడుతుందో అదే రాయాలి. మీ అభిప్రాయం మీకుండొచ్చు, దాన్ని చెప్పే చోటు వీసా ఫారం కాదు. వద్దన్న ప్రాంతాల పేరు ఊరికే ఉంటుందిలే అని చేర్చకండి, ఒక్క పేరుతో దరఖాస్తు మొత్తం పక్కకు పోతుంది.

తేదీలకు అటూ ఇటూ జాగా వదలండి. తిరుగు ప్రయాణం తర్వాత కనీసం నాలుగైదు రోజులు మిగిలేలా వీసా అడగండి. ఇలాంటి దేశాల్లో విమానాశ్రయం ఉన్నట్టుండి మూతపడుతుంది. మల్టిపుల్ ఎంట్రీ దొరికితే, డబ్బు కాస్త ఎక్కువైనా అదే తీసుకోమంటాను. సింగిల్ ఎంట్రీ వీసాతో ఉన్నప్పుడు గొడవ జరిగి పక్క దేశంలోకి దాటారనుకోండి, సద్దుమణిగాక సామాను కోసం కూడా వెనక్కి రాలేరు.

హోటల్, టికెట్: దొంగ బుకింగ్ కాగితాలు అమ్మేవాళ్ల జోలికి పోవద్దు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కొచ్చే అసలు బుకింగులు పెట్టండి. కొన్నిచోట్ల అధికారులు హోటల్‌కు ఫోన్ చేసి అడుగుతారు.

ఎమర్జెన్సీ కాంటాక్ట్ అనే గడిలో చాలామంది అలవాటు కొద్దీ ఇంటిపెద్ద పేరు రాస్తారు. అర్ధరాత్రి తెలియని విదేశీ నెంబరు నుంచి ఫోనొస్తే ఎత్తేది, ఇంగ్లిష్‌లో మాట్లాడగలిగేది, టెన్షన్ పడకుండా మీ పాస్‌పోర్టు కాపీ పంపగలిగేది ఎవరో వాళ్ల పేరు రాయండి.

సోషల్ మీడియా ఖాతాలు అడిగితే ఉన్నవి రాయాలి. రాసేముందు మీ పాత పోస్టులు ఒకసారి చూసుకోండి. ఆ దేశ పాలకుల మీదో, మతం మీదో, సైన్యం మీదో మీరు పెట్టిన మాట మీ దగ్గర మామూలు అభిప్రాయం, అక్కడ నేరం కావచ్చు. అలాంటివి చాలా ఉంటే, వాటిని చెరిపేసినా ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి. ఆ దేశం మీకు తగదేమో ఆలోచించుకోవాలి.

నింపడం అయ్యాక సబ్మిట్ కొట్టేముందు ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. రెండు నెలల తర్వాత అధికారి అడిగితే ఏం రాశారో గుర్తుండదు.

పిలుపు లేఖ, టూర్ ఆపరేటర్

కొన్ని దేశాలు ఇన్విటేషన్ లెటర్ లేకుండా దరఖాస్తే తీసుకోవు. సాధారణంగా అక్కడి రిజిస్టర్డ్ టూర్ ఆపరేటర్ దాన్ని తెప్పిస్తాడు. అమెరికా, బ్రిటన్, కెనడా పౌరులు ఇరాన్‌లో గైడు లేకుండా తిరగడానికి లేదు, కార్యక్రమం మొత్తం ముందే ఆమోదం పొందాలి.

ఆపరేటర్‌ను ఎంచుకోవడమంటే అక్కడ మీ తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవడమే. అందుకే ధర కన్నా ముందు ఈ ప్రశ్నలు అడగండి. పోయిన నెలలో ఎంతమందిని తీసుకెళ్లారు? ఏ రోడ్డు మీద వెళ్లారు? ప్లాన్ మార్చాల్సి వచ్చిందా, ఎందుకు? మధ్యలో ఆపేయాల్సి వస్తే డబ్బెంత వెనక్కిస్తారు? "ఏమీ కాదండీ, అంతా సేఫ్" అనే మనిషికన్నా, "ఆ లోయ మూడు వారాలుగా వద్దంటున్నాం" అనే మనిషి నాకు నమ్మకం కలిగిస్తాడు.

ఇంటర్వ్యూ

అడిగినదానికే జవాబివ్వండి, చిన్నగా, నిజంగా. ఎందుకు మా దేశం అని అడుగుతారు. ప్రమాదం చూడాలనే సరదా కనిపిస్తే ఏ అధికారికీ నచ్చదు, వాళ్లకది సొంత ఊరు. చూడాలనుకున్న కట్టడం, నది, మ్యూజియం పేరు చెప్పండి. అది నిజంగా మీ మనసులో ఉంటే మాట దానంతటదే వస్తుంది. రాజకీయాల మీద అడిగితే, చూడ్డానికి వస్తున్నానని మర్యాదగా చెప్పి ఊరుకోండి. ఒకవేళ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, ఇవ్వకపోయినా అడగండి. తర్వాత వేరే దేశాల ఫారాల్లో "ఎప్పుడైనా వీసా తిరస్కరించారా" అన్న ప్రశ్నకు అవునని రాయాల్సి ఉంటుంది.

వీసా చేతికి రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ కొనవద్దు.

వీసా వచ్చాక, అక్షరం అక్షరం

ఒకసారి నేను ఈ-వీసా ఫారంలో పాస్‌పోర్టు నెంబరులో 38 ఉన్న చోట 83 అని కొట్టాను. ఆమోదం వచ్చింది, ప్రింట్ తీసుకున్నాను, పదిసార్లు చూసుకున్నాను. చూసినప్పుడల్లా పేరు, ఫొటో, తేదీలే చూశాను. చెక్-ఇన్ కౌంటర్‌లో అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి, పాస్‌పోర్టు మీద వేలు పెట్టి, మళ్లీ కాగితం చూసి, "సర్, ఇది మీ నెంబరు కాదు" అంది. విమానం వెళ్లిపోయింది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, ఎనిమిది రోజులు. అది సరిహద్దు దగ్గర బయటపడి ఉంటే మరొకరి వీసాతో వచ్చానని అనుమానించేవారు.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాను, మీరూ చేయండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి, ఒక్కో వరుసలో 44 అక్షరాలు. యంత్రం చదివేది వాటినే. రెండో వరుస మొదట్లో మీ నెంబరు ఉంటుంది. ఇంట్లో ఒకరిని ఆ వరుస చూసి ఒక్కో అక్షరం పైకి చదవమనండి, మీరు వీసా కాగితం మీద పెన్నుతో ఒక్కోదాన్నీ టిక్ పెట్టండి. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారయ్యాయేమో చూడండి. తర్వాత వీసా గడువు వేరు, ఉండనిచ్చే రోజులు వేరు అని గుర్తుంచుకోండి. 90 రోజుల్లోపు ఎప్పుడైనా వచ్చి 30 రోజులు ఉండొచ్చు అని రాసి ఉంటే, 30 రోజుల లెక్క దిగిన రోజు నుంచే మొదలవుతుంది. ఏ విమానాశ్రయం, ఏ సరిహద్దు ద్వారా ప్రవేశం అన్నది కూడా చూడండి. ఈ-వీసాలు చాలావరకు పేర్కొన్న చోట్లే చెల్లుతాయి.

వీసా ఒక్కటే చాలని చోట్లు

దేశంలోకి అనుమతి ఉన్నంత మాత్రాన దేశమంతటికీ అనుమతి ఉన్నట్టు కాదు. పాకిస్తాన్‌లో కొన్ని సరిహద్దు ప్రాంతాలకు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే అనుమతి పత్రం, అడుగుతారు. భారత్ ఈ-వీసా మీద వచ్చే విదేశీయులు కూడా ప్రొటెక్టెడ్ ఏరియాలకు, అంటే విదేశీయుల రాకపై ఆంక్షలున్న ప్రాంతాలకు, వెళ్లాలంటే వేరే పర్మిట్ కావాలి. భారత్, పాకిస్తాన్ పరస్పరం ఇచ్చుకున్న వీసాల్లోనైతే ఏయే ఊళ్లకు వెళ్లవచ్చో పేర్లతో సహా రాసేవారు.

ఆ పేర్ల విలువ నాకు ఒక చెక్‌పోస్టులో అర్థమైంది. మా వ్యాన్ ఆపి, కుర్రాడిలా ఉన్న సైనికుడు పర్మిట్ తీసుకున్నాడు. ఎండలో నిలబడి, ఊళ్ల జాబితా మీద వేలు ఒక్కో పేరు దగ్గర ఆపుతూ కిందికి జరిపాడు. చివరికి వచ్చాక మళ్లీ మొదటి నుంచి జరిపాడు. మేం రాత్రి ఆగాలనుకున్న ఊరు అందులో లేదు. దారిలో ఉన్నదే కదా అని రాయలేదు. ఆయన కోపంగా ఏమీ అనలేదు, కాగితం మడిచి ఇచ్చి, వచ్చిన దారి వైపు చెయ్యి చూపించాడు. అప్పటికి నాలుగు దాటింది. చీకటి పడకముందు వెనక్కి చేరతామా లేదా అని ఆ మూడు గంటలూ వ్యాన్‌లో ఎవరూ మాట్లాడలేదు.

అందుకే పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా, పర్మిట్ కలిపి కనీసం ఇరవై జిరాక్సులు పెట్టుకోండి. చాలాచోట్ల ఒక్కో చెక్‌పోస్టు ఒక్కో కాపీ తీసుకుంటుంది. అసలు పాస్‌పోర్టు అవసరమైతే తప్ప చేతులు మారకూడదు. దిగాక పోలీసు రిజిస్ట్రేషన్ చేయించాల్సిన దేశాలూ ఉన్నాయి. హోటల్ వాళ్లు చేస్తారనుకోకుండా చేసిన రసీదు అడిగి తీసుకోండి.

ఆరోగ్య కాగితాల్లో ముఖ్యమైనది ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్, ఆఫ్రికాలో చాలా దేశాలు అడుగుతాయి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, 2016 జూలై నుంచి జీవితాంతం పనికొస్తుంది. కాబట్టి టీకా చివరి వారానికి వాయిదా వేయొద్దు.

బయల్దేరే ముందు

మీ విదేశాంగ శాఖకు ప్రయాణికుల నమోదు సౌకర్యం ఉంటే పేరు, తేదీలు, ఫోన్ ఇవ్వండి. అమెరికా వాళ్లు దాన్ని స్టెప్ అంటారు, చాలా దేశాలకు అలాంటిది ఉంది. అరెస్టు చేస్తే మీ కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం మీకిస్తుంది. మీరు అడిగితేనే చెప్తారు, కాబట్టి "మా కాన్సులేట్‌కు చెప్పండి" అనే ఒక్క వాక్యం అక్కడి భాషలో నేర్చుకోండి, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

ఇంట్లోవాళ్లకు ఊళ్లు, తేదీలు, హోటళ్లు, ఆపరేటర్ నెంబరు, పాలసీ నెంబరు ఉన్న ఒక పేజీ ఇవ్వండి. రోజూ ఏ టైముకు మెసేజ్ పెడతారో, ఎన్ని గంటలు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో అందులోనే రాయండి. సిగ్నల్ లేక ఒక పూట ఆలస్యమవుతుంది, దానికి కంగారుపడకుండా ఒక రోజు గడువు పెట్టుకోండి. మీకూ మీవాళ్లకూ మాత్రమే తెలిసిన ఒక ప్రశ్న, దాని జవాబు అనుకుని ఉంచండి. మీ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే నిజమో కాదో అప్పుడు తేలుతుంది. ఈ మాట ఇంట్లో చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

ప్రయాణం ముందు రోజు రాత్రి అడ్వైజరీ మళ్లీ చదవండి. స్థాయి పెరిగి ఉంటే వీసా ఫీజు, టికెట్ డబ్బు పోయినా ఆగిపోండి. ఆ ఖర్చును మొదటి రోజే పోయినట్టు లెక్కేసుకుంటే ఆ రాత్రి నిర్ణయం తేలికవుతుంది.

వెళ్తే, వీసా గడువు చివరి రోజున తిరుగు విమానం పెట్టుకోకండి. ఒక్క రోజు ఎక్కువున్నా జరిమానా కట్టేదాకా బయటికి వదలని దేశాలున్నాయి. విమానాలు ఆగిపోయి ఇరుక్కుంటే గడువు దాటకముందే ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి పొడిగింపు అడగండి, విమానం రద్దయిన మెసేజ్ ప్రింట్ పట్టుకెళ్లండి, అర్జీ తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి.